కిష్టయ్య డబ్బా వెచ్చబడింది

భవాని పేట్‌లో కిష్టయ్య ఇంట ఆ ఉదయం అనుకున్న పని ఒక్కటే, పెరటి రేకుల గది ఖాళీ చేయడం. బతికినంత కాలం ఆ గదిలోనే కిష్టయ్య నూలుకు రంగులు అద్దాడు. ఎండలు ముదిరిన రోజుల్లో కన్నుమూశాడు. పదొద్దుల కర్మ అయింది. బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్ నుంచి వచ్చిన చుట్టాలు భోంచేసి, వంటలో ఉప్పు తక్కువైందని ఒక మాట అని వెళ్లారు. ఇక ఆ గదిలో తువ్వాళ్ల అంచులు కుట్టే మిషన్లు పెట్టాలని కొడుకు మంగేశ్ నిశ్చయించుకున్నాడు. కరెంటు వైర్లు లాగేవాళ్లు మధ్యాహ్నం దాటాక వస్తామన్నారు. ఆలోగా పాత సామానంతా, పాత ఇనుము కొనే భంగారువాడి బండి ఎక్కాలి.

కిష్టయ్య భార్య యమునాబాయిని ఈ విషయం ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే ఒద్దనేది. అడగని దానికి జవాబు చెప్పడం ఆమెకు అలవాటు లేదు కనుక, రోజూలాగే చాట ఒళ్లో పెట్టుకుని ఆ గది గడప మీద కూర్చుని బీడీలు చుడుతోంది.

ఆమె కాపురమంతా ఆ గడప మీదనే గడిచింది. లోపల కిష్టయ్య రంగులు కలిపేవాడు, గడప మీద ఆమె బీడీలు చుట్టేది. పిల్లవాడి చదువైనా, వియ్యంకుల పంతాలైనా, ఆ రోజు కూర ఏమిటన్నదైనా ఇద్దరూ గడపకు అటూ ఇటూ ఉండే మాట్లాడుకున్నారు. లోపలికి మాత్రం ఆయన రానిచ్చేవాడు కాదు. నానబెట్టిన తునికాకు పట్టుకోవడం వల్ల ఆమె చేతులు ఎప్పుడూ తడిగా ఉండేవి. తడి చేతులతో గదిలోకి వస్తే కిష్టయ్య అంతెత్తున లేచేవాడు. దానికి కారణం మూలనున్న ఇనప డబ్బా.

ఆ డబ్బాలో హైడ్రో అనే తెల్లటి పొడి ఉండేది. నీలి రంగు ఉత్త నీళ్లలో కరగదు. ఈ హైడ్రో, కాస్టిక్ సోడా తోడైతే గాని అది కరిగి, పచ్చటి నీరై, నూలులోకి ఎక్కదు. ఎక్కిన నూలును బయటికి తీసి గాలికి ఆరేస్తే మళ్లీ నీలమవుతుంది. అంత మంచి పొడికి ఒకటే దుర్గుణం, చెమ్మ సోకితే తనంతట తానే వేడెక్కుతుంది. "నిండా ముంచితె మంచిది, జర్ర తడిపితె మండుతది. నీ లెక్కనే," అని కిష్టయ్య పెళ్లాన్ని ఆటపట్టించేవాడు. డబ్బాకు గట్టిగా మూత బిగించి, దాని మీదనే పీట వేసుకున్నట్టు కూర్చుని చాయ్ తాగేవాడు. చుట్టుపక్కల అందరికీ ఆయన ఆ డబ్బా మీద కూర్చున్నవాడిగానే గుర్తు.

ముందు రోజు సాయంత్రం మంగేశ్ ఆ డబ్బాను భంగారువాడికి అందుబాటుగా గోడ దగ్గరికి జరిపాడు. ఆ గోడ మీది రేకుకు ఒక చిల్లు ఉంది. తెల్లవారుజామున వాన పడింది.

పొద్దున్నే గది ఊడవడానికి వెళ్లిన కోడలు సారిక, నడుము నొప్పికి ఊతంగా డబ్బా మీద చెయ్యి పెట్టి, తేలు కుట్టినట్టు వెనక్కి లాక్కుంది. పొయ్యి లేదు, ఎండ లేదు, ఆకాశం ముసురేసి ఉంది. డబ్బా మాత్రం వెచ్చగా ఉంది. మూత తీసి చూసే మనిషి ఆమె కాదు. గడప దాకా వచ్చి అత్తగారి చెవిలో మెల్లగా చెప్పింది.

"అత్తమ్మా, మామ ఇప్పుడే కూసోని లేచిపోయినట్టున్నది."

యమునాబాయి చేతిలోని ఆకు ఆగింది. ఆమె ముక్కుకు అప్పటికే అగ్గిపుల్ల ఆరిపోయిన వాసన లీలగా తగులుతోంది. హైడ్రోకు చెమ్మ పట్టిందని ఆమెకు అర్థమైంది. ఆ మాట చెప్పడానికి నోరు కూడా తెరిచింది. అంతలో మంగేశ్ వచ్చాడు.

మంగేశ్ సంగతి కొంచెం చెప్పాలి. తండ్రి చితికి నిప్పు పెట్టిన రోజు నుంచి అతను ఏడవలేదు సరికదా, "బాపు" అన్న మాటే ఎత్తలేదు. ఆ సామాను, ఆ గది, ఆ పని అంటూ తండ్రిని తప్పించుకుని తిరిగాడు. ఇప్పుడు వచ్చి, పెళ్లాం మాటకు విసుక్కుంటూనే డబ్బా మీద అరచెయ్యి ఆనించాడు. ఆనించినవాడు తీయలేదు. నిమిషం గడిచాక నోట్లోనే గొణిగినట్టు, "బాపు," అన్నాడు.

తెరిచిన నోరు యమునాబాయి మూసేసుకుంది. అది హైడ్రో అని అప్పుడే చెప్పి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కాని చాలా రోజులకు ఆ ఇంట్లో ఒకరు ఆయన్ని పిలిచారు. ఇంకొక్కసారి పిలిస్తే విని, అప్పుడు చెబుదామనుకుంది.

ఈలోగా సారిక గోడ మీదుగా పక్కింటి గంగుబాయికి కబురు అందించింది. గంగుబాయి కూడా బీడీలే చుడుతుంది. పేటలో ఎవరికి ఏ శాంతి చేయాలో, ఏ దేవతకు ఏ నైవేద్యం పెట్టాలో ఆమెను అడిగితేగాని ఎవరూ కదలరు. వచ్చీ రాగానే డబ్బాను ముట్టి, కళ్లు మూసుకుని, కిష్టయ్య ఇల్లు వదలలేదని తేల్చేసింది. కోరిక తీరకుండా పోయిన మనిషి తన పీట దగ్గరికి వచ్చి కూర్చుంటాడట. ఆ కోరిక ఏమిటో కనుక్కోవడమే ఇప్పుడు ఇంటివాళ్ల పని.

మొదటి ఊహ చాయ్. పొద్దున లేస్తే చాయ్ లేనిదే కిష్టయ్య మాట్లాడేవాడు కాదని అందరికీ తెలుసు. సారిక అల్లం దంచి చాయ్ పెట్టింది. గ్లాసు తెచ్చి మూత మీద ఉంచారు. ఏళ్ల తరబడి కూర్చున్న బరువుకు మూత మధ్యలో గుంటపడి, అంచుల్లో సందు విడింది. గ్లాసు వాలి సగం ఒలికింది. ఒలికిన చాయ్ మూత అంచుల సందులోంచి లోపలికి దిగింది. కాసేపటికి డబ్బా ఇంకాస్త వేడెక్కింది.

"తాగిండు," అంది గంగుబాయి.

అక్కడి నుంచి పని సులువైపోయింది. ఏది పెట్టినా కాస్త తడి లోపలికి దిగుతుంది. తడి దిగితే డబ్బా వేడెక్కుతుంది. వేడెక్కితే ఆయనకు నచ్చిందని అర్థం. పూరన్‌పోళి బొబ్బట్ల మీది పాలు నచ్చాయి. నానేసిన శనగలు నచ్చాయి. గంగుబాయి ఇంటి అంబలి మరీ నచ్చింది. పెళ్లయిన నాటి నుంచి అంబలి చూస్తేనే కిష్టయ్య మొహం చిట్లించేవాడని యమునాబాయికి తెలుసు. అయినా అతిథుల ముందు మొగుడి గుట్టు బయటపెట్టడం దేనికని ఊరుకుంది.

వార్త కొంతం చౌక్ దాకా పాకింది. వాకిట్లో చెప్పులు పేరుకున్నాయి. ఎవరో బంతిపూల దండ తెచ్చి డబ్బాకు వేశారు. భంగారువాడు బండి తోలుకుని వచ్చి, కాటా పక్కన పెట్టి, డబ్బాకు దండం పెట్టి, ఇనుము తూయకుండానే వెళ్లిపోయాడు. వచ్చినవాళ్లంతా కిష్టయ్య గురించి మాట్లాడుతున్నారు. ఆయన వేసిన నీలం ఎన్ని ఉతుకులకూ దిగదని ఒకరు, తమ పెళ్లి చద్దరు ఆయన రంగేనని ఇంకొకరు. శవాన్ని ఎత్తిన నాడు ఇంతమంది ఇన్ని మాటలు అనలేదు. గడప మీద కూర్చున్న యమునాబాయి ప్రతి మాటనూ వింటోంది. ఇంకొక్క మాట విని చెబుదామని మనసులో వాయిదా వేస్తూనే ఉంది.

అప్పుడు అంబాదాసు వచ్చాడు. అతను మగ్గాలు మరమ్మతు చేసే మనిషి, కిష్టయ్యకు చిన్ననాటి నేస్తం. అందరినీ తప్పించుకుని డబ్బా దగ్గరికి వెళ్లి, అంగీ లోపల నుంచి చిన్న సీసా తీశాడు. మిత్రుడికి ఏం కావాలో తనకు తెలుసన్నాడు.

"ఆయన మానేసి ఎన్నేండ్లాయె?" అంది యమునాబాయి. ఆ పొద్దున ఆమె నోరు విప్పడం అదే మొదలు.

అంబాదాసు రేకుల వంక చూశాడు.

"మానేసిండు వదినె. అబద్ధం ఎందుకు చెప్పాలె? శనివారాలు తప్ప అంత మానేసిండు."

శనివారాలు కిష్టయ్య భజనకు వెళ్లేవాడు. ఆమెకు చెప్పింది మాత్రం అదే. తిరిగొచ్చాక గొంతు పోయిందని మిరియాల పాలు అడిగేవాడు. భజనలో గొంతు చించుకున్నాడు కాబోలు అని ఆమె పాలు కాచి గడప దగ్గర పెట్టేది. ఇప్పుడు ఒక్కసారిగా కోపం తన్నుకొచ్చింది. ఆ వెంటనే నవ్వు వచ్చింది. ఆ వెనుకనే, ఈ మనిషిని పట్టుకుని నిలదీయడానికి ఇక వీలు లేదన్న సంగతి గుండెలో గుచ్చుకుంది. కర్మ రోజున కూడా అంతగా గుచ్చుకోలేదు.

సీసాలోది మూత మీద పోయగానే డబ్బా సుయ్‌మంది. జనం "ఆహా" అన్నారు. అంబాదాసు వెక్కి వెక్కి ఏడ్చాడు.

అది చూసి మంగేశ్ కట్ట తెగింది. అంత మందిలో మోకాళ్ల మీద కూలబడి, రెండు చేతులతో డబ్బాను చుట్టుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తండ్రి కోరిక ఏమిటో చాయ్‌కూ సారాకూ సంబంధం లేకుండా అతనికి తెలిసిపోయింది.

"బాపూ, గుస్సా చెయ్యకు. మిషిన్లు ఏడనన్న పెట్టుకుంట. నీ గది నేను ముట్ట. నీ సామాన్ నీ జాగల్నే ఉంటది."

జేబులోంచి ఫోను తీసి, కరెంటువాళ్లను రావొద్దని అక్కడికక్కడే చెప్పేశాడు.

యమునాబాయి చాట పక్కన పెట్టింది. తను నోరు తెరిచి అడగని కోరిక తీరిపోయింది. గది ఉంటుంది. గడప ఉంటుంది. రేపు పొద్దున కూడా ఇక్కడే కూర్చుని, లోపలికి చూస్తూ బీడీలు చుట్టుకోవచ్చు. నిజం ఒక్కటి కడుపులో దాచుకుంటే చాలు. ఆమె లేచి, అలవాటు కొద్దీ కొంగుతో రెండు చేతులూ పొడిగా తుడుచుకుని, గడప దాటింది. జనం దారి ఇచ్చారు. డబ్బా పక్కన చతికిలబడి చెయ్యి ఆనించింది. లోపల జరుగుతున్నది ఏమిటో ఆమెకు తెలుసు. పొడికీ తడికీ మధ్య నడిచే వ్యవహారం అది, అందులో ఏ మనిషీ లేడు. అయినా చలికాలపు రాత్రుల్లో ఆయన అటు తిరిగి పడుకున్నప్పుడు వీపు ఇంతే వెచ్చగా ఉండేది. తలకు తెలిసిన సంగతి చేతికి చెప్పడం ఆమె వల్ల కాలేదు. కళ్లు మూసుకుంది.

కళ్లు తెరిపించింది వాసన. అగ్గిపుల్ల వాసన కాస్తా గొంతు పట్టేసేంతగా ముదిరింది. డబ్బా మీద చెయ్యి ఆనలేనంత వేడి. మూత అంచు నుంచి సన్నగా పొగ లేస్తోంది. తలెత్తి చూస్తే పైన వెదురు బొంగు మీద నూలు చిలపలు కట్టలుగా వేలాడుతున్నాయి, ఎండు నూలు. గది గుమ్మం నిండా జనం, వాళ్ల కాళ్ల సందుల్లో పిల్లలు.

గంగుబాయి కూడా పొగను చూసింది. ఆమె లెక్క వేరు. ఆత్మకు తాపం పుట్టింది. తాపం పుట్టిన పోచమ్మను ఎట్లా చల్లబరుస్తామో కిష్టయ్యనూ అట్లాగే చల్లబరచాలి, సాక పోయాలి. పసుపు, బెల్లం, వేపాకు కలిపిన నీళ్లు నిండు చెంబుతో సిద్ధమయ్యాయి. తాతల నాడు తెలంగాణ నుంచి మగ్గాలతో పాటు మోసుకొచ్చిన ఆచారం. వేడిగా ఉన్న దేన్నైనా నీళ్లు పోసి చల్లబరచవచ్చని అందరికీ తెలిసిందే కనుక, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

నిజం చెబితే గది పోతుంది. చెప్పకపోతే ఏం పోతుందో, గుమ్మంలోని పిల్లల వైపు తల తిప్పి చూడగానే యమునాబాయికి తెలిసింది.

"గంగూ, నీళ్లు పొయ్యకు," అంది. "అది ఆయన గాదు. హైడ్రో. నీళ్లు తగిలినందుకే గరమైంది. నాకు పొద్దుగాల్నే తెలుసు."

గంగుబాయి జాలిగా ఆమె తల నిమిరి, మొగుడి మీది బెంగతో మనసు చెదిరిందని, కాస్త పక్కన కూర్చోబెట్టమని సారికకు చెప్పింది. నీళ్లు తగిలి వేడెక్కడమేమిటని వెనక ఎవరో నవ్వారు కూడా. తర్వాత గంగుబాయి చెంబు వంచింది.

సాక సగం ఒలికిందో లేదో, డబ్బా బుసకొట్టింది. మూత ఎగిరి అవతల పడింది. తెల్లటి పొగ గది నిండా కమ్ముకుంది. కళ్లు మండాయి, గొంతులు మూసుకుపోయాయి. పారిపోవలసిన జనం సాష్టాంగపడ్డారు. కిష్టయ్యే ప్రత్యక్షమవుతున్నాడని వాళ్ల నమ్మకం. దగ్గుతూనే దండాలు పెడుతున్నారు.

యమునాబాయి తునికాకు చుట్టిన గోనెపట్టాల్లో ఎండుది ఒకటి లాగి డబ్బా మీద కప్పింది. కొంగు ముక్కుకు చుట్టుకుంది. "మంగేశ్, అటు పట్టు," అంది. చిన్నప్పుడు బువ్వ తినమన్న గొంతుతోనే అంది కాబోలు, అతను మారు మాట్లాడకుండా పట్టాడు. తల్లీకొడుకులు ఇద్దరూ పడుకున్న జనాన్ని దాటుకుంటూ, డబ్బాను పెరట్లోకి ఈడ్చుకొచ్చారు. అక్కడ నూలు జాడించే సిమెంటు హౌదు నీళ్లతో నిండుగా ఉంది. కిష్టయ్య మాట ప్రకారం నిండా ముంచితే మంచిది. ఇద్దరూ ఎత్తి, బంతిపూల దండతో సహా డబ్బాను హౌదులోకి దొర్లించారు. నీళ్లు కుతకుతమన్నాయి, బుడగలు లేచాయి, పొగ ఒకసారి గుప్పుమని పలచబడింది. దండ మాత్రం పైకి తేలింది.

పేట మొత్తం కొలుస్తున్న మొగుడిని పట్టపగలు నీళ్లలో ముంచేసింది యమునాబాయి. ఇక నాలుగు మాటలు పడక తప్పదని ఆమె తల వంచుకుని నిలబడింది. పడటానికి సిద్ధంగానే ఉంది. గది పోయినా పిల్లలు దక్కారు, అంతే చాలనుకుంది.

గంగుబాయి హౌదు దగ్గరికి వచ్చి, తేలుతున్న దండను చూసి, రెండు చేతులూ జోడించింది.

"పెండ్లం చేతుల మీదికెల్లి పోవాల్నని ఆగిండు మనిషి. నిమజ్జనం అయింది. ఇగ రాడు."

అందరికీ ఎంతో తృప్తి కలిగింది. ఇంత చక్కగా సాగిన నిమజ్జనం ఈ మధ్య చూడలేదన్నారు. యమునాబాయి ఇంకోసారి అది హైడ్రో అని చెప్పబోయింది. ఆడవాళ్లు ఆమెను కౌగిలించుకుని, ఏడువమ్మా ఏడువు, బరువు దిగుతుంది అన్నారు. ఒక్కొక్కరే చెప్పులు వెతుక్కుంటూ వెళ్లారు. అంబాదాసు ఖాళీ సీసాను హౌదులో కడిగి జేబులో పెట్టుకున్నాడు.

మంగేశ్ మొహం కడుక్కుని వచ్చాడు. తేటపడి ఉన్నాడు, గుండె మీది బండ దిగినవాడిలా. తల్లి భుజం పట్టుకున్నాడు.

"బాపుకు రస్తా దొరికిందమ్మా. ఇగ గది తీస్కొమ్మన్నట్టే గద."

"అది హైడ్రో, బిడ్డా."

"ఔనమ్మా," అన్నాడు, జ్వరంలో ఉన్న పిల్లలకు చెప్పినట్టు. తర్వాత ఫోను తీసి కరెంటువాళ్లను రమ్మన్నాడు. బాపు ఆశీర్వాదం కూడా దొరికిందని, ఆలస్యం చేయొద్దని చెప్పాడు.

బాపు అన్న మాట ఇప్పుడు అతని నోట ఎంతో సులువుగా వస్తోంది. అది విన్నందుకు సంతోషపడాలో, విన్న వెల తలచుకుని ఏడవాలో యమునాబాయికి తెలియలేదు. హౌదు గట్టు మీద కూర్చుంది.

మనవరాలు మయూరి కాలేజీ నుంచి వచ్చేసరికి గది సగం ఖాళీ అయింది. జరిగినదంతా తల్లి సారిక నోట విని, ఆ పిల్ల నెత్తి కొట్టుకుని, హైడ్రోకు కొద్దిగా నీళ్లు తగిలితే చర్య మొదలవుతుందని, దానిలోంచి వేడి బయటికి వస్తుందని, ఆ వేడికి చర్య ఇంకా జోరెత్తుతుందని చెప్పబోయింది. ఇంట్లోవాళ్లకు వినే తీరిక లేదు. విన్నది హౌదు గట్టు మీది నాయనమ్మ ఒక్కతే.

"ఆ వేడి ఏడికెల్లి వచ్చింది?" అని అడిగింది యమునాబాయి.

"పొడిల్నే దాగి ఉంటది అజ్జీ. ముందుగాల్నే. నీళ్లు తగిలితె బయటికొస్తది, అంతే."

"ఇప్పుడేడికి పోయింది?"

"నీళ్లల్లకు. పొడి తక్కువ, నీళ్లు ఎక్కువ. అందరు పంచుకున్నట్టయింది. ఎవరికీ ఎక్కువ దొరకలే."

"మాయం గాదా?"

"గాదు. మాయం కావుడు ఉండదు. నీళ్లకెల్లి గోడకు, గోడకెల్లి గాలికి పోతది. పల్చగ అయితది."

"పేట అంతట పోతదా?"

"పోతది. ఇంకా దూరం గూడ."

"చేతికి తెలుస్తదా?"

మయూరి ఆలోచించింది. పరీక్షలో కూడా రాని జవాబు రాయని పిల్ల ఆమె.

"తెల్వదు అజ్జీ."

నీళ్లలో చెయ్యి పెట్టొద్దని, చర్మం మండుతుందని చెప్పి ఆమె లోపలికి వెళ్లింది. యమునాబాయి మోచేతి దాకా ముంచింది. నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. గదిలో గోడకు రంధ్రాలు పెడుతున్న చప్పుడు మొదలైంది. గడప రాయి మిషన్లకు అడ్డమని దాన్ని కూడా పెకలించారు. ఆమె అటు చూడలేదు. వెచ్చదనం ఇంకా ఉందా లేదా అని వేళ్లు కదుపుతూ, ఉందనుకున్నప్పుడల్లా కాసేపు ఆపుతూ కూర్చుంది. కాసేపటికి అది నీళ్ల వెచ్చదనమో, తన చేతి వెచ్చదనమో తేల్చుకోలేకపోయింది.

వైర్లు లాగడానికి వచ్చిన మనిషి, ముసలమ్మ ఇంతసేపూ ఆ నీళ్లలో ఏం వెతుకుతోందని అడిగాడు. ఉంగరం జారి ఉంటుందని సారిక చెప్పింది.